చదవని పదివేల అక్షరాలు

రెండింటికి ల్యాబులో కంప్యూటర్ బటన్ నొక్కింది. ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు అని తెర మీద పడింది. పడనీ, పన్నెండు రోజులుగా కింద బెంచీ మీద కూర్చుంటున్న మనిషికి యాభై ఎనిమిది నిమిషాలు ఒక లెక్కా అనుకుంది ఆమె, వెంటనే ఛీ, ఎంత సులువుగా అనేశాను, ఎదుటివాళ్ళ ఓపికంటే నాకెంత లోకువ అని తనని తనే తిట్టుకుంది. మూడింటికల్లా ఏదో ఒకటి చెప్తానండీ అని పొద్దున తనే దిగివెళ్ళి చెప్పింది. అతను లేచి నిలబడ్డాడు. కూర్చోండి అంటే ఇంకా నిటారుగా నిలబడ్డాడు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, గోళ్ళ కింద నూనె నలుపు, భుజానికి పనిముట్ల సంచి. ఆ సంచి రోజూ ఎందుకు మోసుకొస్తాడో, పనికి పిలిచే ఇల్లు ఒక్కటి కూడా లేదు కదా ఇప్పుడు. భార్య పోయి రెండు నెలలు. కూతురు తొమ్మిదో తరగతి, రెండు స్కూళ్ళు వద్దన్నాయి, మూడోది ఆలోచించి చెప్తామంది. అతనికి కావలసింది ఒక్కటే కాగితం. ఊరంతా పాకిన ఈ జబ్బు నా భార్య వల్ల రాలేదు అని ల్యాబు ముద్ర వేసిన కాగితం. మొదటిరోజు గార్డుతో, తర్వాత గుమస్తాతో, ఆ తర్వాత ఎవరు మెట్లు దిగితే వాళ్ళతో అదే మాట. అరిచేవాడైతే ఎంత బాగుండేది, అరిచేవాళ్ళని బయటికి పంపడం ఎవరికైనా వచ్చు.

మూడు శాతం అయింది. ఏసీ గొంతు గీరుకున్నట్టు శబ్దం చేస్తోంది, ఫ్రీజరు మోటారు ఆగి మళ్ళీ అందుకుంది, చేతులకి స్పిరిట్ వాసన. పద్దెనిమిదేళ్ళు ఈ వాసనలోనే గడిచాయి. ఏం పని చేస్తావే నువ్వు అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు ఆమెకి, చేసేది నిజానికి నోట్సులు దిద్దే పంతులు పనే. జబ్బుపడ్డవాళ్ళ ముక్కులోంచి తీసిన చుక్కలో వైరస్ ఉంటుంది. ఆ వైరస్ ఒళ్ళంతా ఒకటే పొడుగు వాక్యం, ఉన్నవి నాలుగే అక్షరాలు, వాటితోనే పద్దెనిమిది వేల అక్షరాల పొడుగు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేటప్పుడు ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ రాసుకుంటుంది, రాసేటప్పుడు ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది, ఆ తప్పు తర్వాతివాడికీ వస్తుంది. వెనక బెంచీలో ముగ్గురి నోట్సుల్లోనూ ఒకే తప్పుంటే ఎవడి దగ్గర ఎవడు చూసి రాశాడో పంతులు పట్టేస్తాడు చూడండి, అదీ సంగతి. తప్పుల్ని పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోతే వైరస్ వంశవృక్షం వస్తుంది, మొదట్లో ఎవరున్నారో తెలుస్తుంది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఈ వైరస్‌కి చుట్టం ఎవరా అని వెతికితే, పదేళ్ళ కిందట ఎవరో ధాన్యం గోదాముల ఎలుకల్లో చదివి దాచిన వైరస్ ఒకటి దొరికింది. ఇంక లెక్క తేలికే కదా. ఎవరి శాంపిల్ ఆ ఎలుక వైరస్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉంటే వాళ్ళే మొదటి మెట్టు, ఎలుక నుంచి మనిషిలోకి దిగింది వాళ్ళ దగ్గరే. నూట పన్నెండు శాంపిళ్ళు చదివింది. నలభై ఒకటో శాంపిల్ మొదటి మెట్టు అని తేల్చింది. ఎంత తెలివి! అబ్బబ్బ, ఎంత తెలివి.

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చెవుల్లో చప్పట్లే. నాలుగు నెలల కిందట, ఇదే తెర మీద, వృక్షం ఎంత ముచ్చటగా వచ్చిందని, మొదట్లో ఎలుక, దాని పక్కన ఒంటరిగా నలభై ఒకటి, అక్కణ్ణుంచి కొమ్మలు కొమ్మలుగా మిగతా నూట పదకొండు మంది. గీసి పెట్టినట్టు ఉంది అన్నారు ఎవరో. పెద్దసారు, అంటే ఈ ల్యాబుకి అధిపతి, ఎన్నడూ ఎవర్నీ మెచ్చుకోని మనిషి, సాధించావమ్మా అన్నాడు. సాయంత్రానికి విలేకరులు వచ్చారు, ఆమె ఫోటో తీశారు, జుట్టు సర్దుకోనివ్వండి అని నవ్వింది కూడా. ఆ నవ్వు పేపర్లో పడింది. పేరు ఎక్కడా లేదు, పేర్లు పెట్టం కదా మేము, చాలా జాగ్రత్త మాకు! నలభై దాటిన స్త్రీ, ఆసుపత్రి లాండ్రీలో పని, ఫలానా వారం పరీక్ష. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళు ఎందరున్నారు, నలుగురు. నలభై దాటినవాళ్ళు ఇద్దరు. ఆ వారం జ్వరం వచ్చింది ఒక్కరికే, కింద బెంచీ మీదున్న అతని భార్యకి. రెండు రోజులు పట్టలేదు, సందు పేరుతో సహా బయటికొచ్చింది. ఎలుకలావిడ అని పేరు పెట్టారు. ఇంట్లో ఎలుకల్ని పెంచేదట, ఎలుకల కలుగు మీదే పడుకునేదట, ఆసుపత్రి దుప్పట్లలో ఎలుకపిల్లల్ని చుట్టి ఇంటికి తెచ్చేదట. ఎవరు చూశారు? అందరూ చూశారట. అసలు ఆవిడకి జ్వరం వచ్చిందే మొదటి రోగి ఆసుపత్రిలో చేరిన మూడు వారాలకి, అప్పటికి ఆసుపత్రిలో పడకలు నిండిపోయాయి, ఆ రోగుల దుప్పట్లు ఉతికింది ఆవిడే. తేదీలు కుదరట్లేదు సార్ అని ఎవరో అంటే, లోపల ముందునుంచీ ఉండి ఉంటుంది, బయటపడటం ఆలస్యమైంది అని తనే సర్దిచెప్పింది. తన వృక్షం తప్పు చెప్పదు కదా మరి.

పద్నాలుగు శాతం. వైరస్ ఆవిణ్ణి ఏమీ చేయలేదు, అదీ విడ్డూరం. మూడు రోజుల జ్వరం, నాలుగోరోజు లేచి వంట చేసుకుంది. చంపింది అది కాదు. ఇది అతను గార్డుకి చెబుతుంటే మెట్ల మలుపులో ఆగిపోయి విన్నది ఆమె, దిగలేక, ఎక్కలేక. ఉద్యోగం తీసేశారు, సరే. కుళాయి దగ్గర బిందె పెడితే పక్కకి తోసేశారు, సరే అని దూరం నుంచి తెచ్చుకున్నారు. నోరున్న మనిషేనండీ మా ఆవిడ, ఒకటంటే నాలుగనేది, అట్లాంటిది మాట్లాడటమే మానేసింది అన్నాడు. తర్వాత ఒకరోజు కడుపునొప్పి అంది. పట్టపగలు పదకొండు గంటలకి. మొదటి బండివాడు సందు మొదట్లో ఆపి ఎవరిల్లు అని అడిగాడు, చెప్పగానే డీజిల్ లేదన్నాడు. రెండోవాడు గుమ్మం దాకా వచ్చాడు, ఎదురింటావిడ కిటికీలోంచి ఏదో అంది, తిప్పుకుని పోయాడు. మూడో బండి దొరికేసరికి నాలుగైంది. అపెండిక్స్, పొద్దున తెచ్చుంటే పావుగంట పని అన్నాడట డాక్టరు. పావుగంట అండీ, అని రెండుసార్లు అన్నాడు అతను. గార్డు, ఎవరొచ్చినా కసిరే మనిషి, టీ తాగుతావా అన్నాడు. ఆమె మెట్లెక్కి వచ్చి తలుపేసుకుని నూట పదమూడో శాంపిల్ పని మొదలుపెట్టింది. అదీ తన గొప్పతనం. ఒకరి కొంప కూలిందని విని కూడా చెయ్యి వణక్కుండా చుక్క కొలిచింది.

అమ్మ గుర్తొస్తోంది, ఎందుకు గుర్తొస్తోందో తెలుసు. అమ్మ టీచరు. పరీక్షకి పంపేటప్పుడు పెన్ను జేబులో పెడుతూ ప్రతిసారీ చెప్పేది, ఏ ప్రశ్నా ఖాళీగా వదలకు, తెలియకపోతే దానికి దగ్గరగా ఏది తెలిస్తే అది రాసెయ్యి, దిద్దేవాళ్ళు నిండిన పేజీ చూసి మార్కులేస్తారు. నిజమే, వేశారు. నిండిన పేజీలతో స్కూలు దాటింది, కాలేజీ దాటింది, నిండిన పేజీలతోనే ఇక్కడికొచ్చింది. ఇక్కడ కంప్యూటర్ అడుగుతుంది, చదవలేని అక్షరాలు వస్తే ఏం చేయమంటారు అని. ఖాళీగా వదిలేయడం ఒకటి, పోలిక కోసం పెట్టుకున్న వైరస్ నుంచి తీసి నింపడం ఒకటి. మొదటి రోజుల్లో ఈ కొత్తదాని పూర్తి వాక్యం ఎవరి దగ్గరా లేదు, ముక్కలు అతకడానికి వీలుగా ఉంటుందని రెండోదానికి టిక్ పెట్టింది తనే. రెండు రోజుల కోసం. తర్వాత తీసేద్దామనుకుంది. తర్వాత ఎవరూ అటు చూడలేదు, ఎవరూ ముట్టుకోలేదు, ఆ టిక్ అలాగే ఉండిపోయింది. మిగతావాళ్ళ శాంపిళ్ళలో చదవని అక్షరాలు వందో రెండొందలో, పెద్ద తేడా రాలేదు. నలభై ఒకటిది ఐసు కరిగిపోయిన డబ్బాలో వచ్చింది, జ్వరం తగ్గాక తీసిన చుక్క, అందులో వైరస్ ఉందా లేదా అన్నట్టుంది. చదవగలిగింది ఎనిమిది వేలు. చదవలేనివి పదివేలు. ఆ పదివేలూ ఎలుక వైరస్ నుంచి తెచ్చి నింపింది ప్రోగ్రాం. నింపాక ఎలుకకి దగ్గరగా ఉండక ఇంకేం ఉంటుంది? ఆ మనిషి ఇంట్లో ఎలుకలున్నాయో లేవో గానీ, పదివేల ఎలుక అక్షరాలు ఆవిడ ఒంట్లో పెట్టింది మాత్రం తను.

మరి చూళ్ళేదా? చూసింది. అదే కదా అసలు సంగతి. ఆ శాంపిల్‌లో చదవగలిగింది నలభై నాలుగు శాతమే అని ఒక పక్కన చిన్న అంకె ఉంది, కంటికి ఆనింది కూడా, తర్వాత చూద్దాంలే అనుకుంది. ఎందుకంటే వృక్షం ముచ్చటగా వచ్చింది. ముచ్చటగా వచ్చినదాన్ని ఎవరు గిల్లుకుంటారు. పోయిన వారం దాకా గిల్లలేదు. పోయిన వారం అతను మెట్ల దగ్గర ఎదురుపడి, చేతులు వెనక్కి పెట్టుకుని, మీ మిషన్ ఒకసారి చూడొచ్చామ్మా అన్నాడు. ఏ మిషను అంది. మా ఆవిడ అని చెప్పిన మిషను. మిషన్లంటే నాకు కొంచెం తెలుసమ్మా, కుట్టు చూడటానికి బాగానే ఉంటుంది, కింద దారం పట్టదు, గుడ్డ తిరగేసి చూస్తే గానీ తెలియదు, ఎవరైనా తిరగేసి చూశారా అని అడిగాడు. అన్నీ చూశామండీ అంది ఠక్కున. గదిలోకొచ్చి కూర్చుంది. ఇతన్ని ఎలా వదిలించుకోవాలి, సరే, అసలు ఫైలు తీసి, ఇదిగో అని అతనికి అర్థం కాని కాగితాలు నాలుగు చేతిలో పెడితే పోతాడు, అని ఆ ఉద్దేశంతోనే తీసింది. పుణ్యానికి తీసిందనుకునేరు. తీస్తే, మొదటి పేజీలోనే, టిక్.

ముప్పై ఎనిమిది. ఆగలేక పెద్దసారుకి ఫోన్ చేసింది. అంతా విన్నాడు, ఊ ఊ అన్నాడు, ఎవరికైనా చెప్పావా అన్నాడు మొదట. లేదు సార్. "మంచిది. వచ్చే రిపోర్టులో అడుగున చిన్న అక్షరాల్లో సవరణ వేద్దాం. తొందరేం లేదు. ఆవిడ ఎలాగూ లేదు కదా పాపం." ఆయన కింద ఉన్నాడు సార్ అంది. "ఎవరు?" ఆవిడ భర్త. అవతల కుర్చీ కిర్రుమంది. "చూడమ్మా, ఇప్పుడు మనం తప్పు చేశాం అంటే, రేపు మనం టీకా వేయించుకోండి అన్నా ఎవడూ వినడు. ఒక కుటుంబం సంగతి కాదు ఇది. ఆలోచించుకో." పెట్టేశాడు. దుర్మార్గుడేం కాదు, అదీ బాధ, ఆయన అన్నదాంట్లో సగం నిజం కూడా. నలభై నాలుగు శాతం నిజం, అనుకుని నవ్వొచ్చింది ఆమెకి, ఆ నవ్వు సగంలోనే పోయింది, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే ఒక కంట తెర చూసింది, నలభై మూడు.

చదవనిచోట ఖాళీగానే వదిలి, మళ్ళీ మొదట్నుంచీ వృక్షం కట్టమని చెప్పింది ఈసారి. ఆ ఎనిమిది వేల అక్షరాల్లో ఏదో ఒక తప్పుండాలి, ఎవరో ఒక రోగితో కలిసే తప్పు, ఆసుపత్రి పడకల మీద ఉన్నవాళ్ళలో ఎవరిదైనా. ఒక్కటి చాలు. ఒక్కటుంటే నలభై ఒకటి మొదట్నుంచి లేచి ఏ చిటారు కొమ్మకో పోతుంది, అంటే ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు, ఎవరి నుంచో తెచ్చుకుంది, పాపం దుప్పట్లు ఉతికి తెచ్చుకుంది. అప్పుడు పరుగెత్తుకెళ్ళి ముద్ర కొట్టి కాగితం ఇస్తుంది. పెద్దసారు ఏమన్నా అనుకోనీ, ఉద్యోగం పోతే పోనీ. దేవుడా, ఒక్క తప్పు. జీవితంలో తప్పు కోసం దండం పెట్టుకున్నది ఇదే మొదలు. అరవై ఒకటి. లేదంటే, లేదంటే ఇంకోటి కూడా ఉంది, లోపలెక్కడో, చెప్పుకోవడానికి మొహం చెల్లదు. మళ్ళీ మొదటికే వస్తేనో? నింపినవి తీసేసినా నలభై ఒకటే మొదటి మెట్టని వస్తే? అప్పుడు టిక్ తప్పయినా మాట తప్పు కాదు, తను అన్నది నిజమే, హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ ఊపిరి కోసం ఒళ్ళంతా ఎదురుచూస్తోందని తెలిసి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. చచ్చిపోయిన మనిషి దోషి అయితే బాగుండు అని కోరుకుంటోంది. ఇలాంటిదాన్నా నేను? ఇలాంటిదాన్నే. ఎనభై. కిటికీలోంచి చూస్తే కింద పార్కింగులో ఒకావిడ స్కూటర్ స్టాండు తీయలేక తంటాలు పడుతోంది, ఎవరో వచ్చి సాయం పట్టారు, ఇద్దరూ నవ్వుకున్నారు, ఎవరి బతుకులు వాళ్ళవి. తొంభై నాలుగు. నీళ్ళు తాగింది.

మూడుకి రెండు నిమిషాలుందనగా వృక్షం వచ్చింది. మిగతా నూట పదకొండూ వాటి వాటి చోట్లలో కుదురుగా ఉన్నాయి. నలభై ఒకటి కోసం వెతికింది. ఒక కొమ్మ మీద కనబడింది, పక్కన ముప్పై మూడు అని అంకె. అంటే ఇక్కడ ఉండటానికి వందకి ముప్పై మూడు పాళ్ళు. ఇంకో కొమ్మ, చిటారున, ముప్పై నాలుగు. మొదట్లో, ఎలుక పక్కన, ముప్పై మూడు. అక్కడైనా కావచ్చు, ఇక్కడైనా కావచ్చు, ఎక్కడైనా కావచ్చు. ఆ ఎనిమిది వేల అక్షరాల్లో ఒక్క తప్పూ లేదు, అందరి దగ్గరా ఉన్న అక్షరాలే, అక్కరకొచ్చేవన్నీ ఆ చదవని పదివేలలో ఉండిపోయాయి. మళ్ళీ చదువుదామంటే ఆ చుక్క లేదు. ఫ్రీజరులో చోటు లేదని పోయిన నెల పాత గొట్టాలన్నీ పారేశారు, ఆ జాబితా కింద సంతకం ఎవరిది, తనదే. మళ్ళీ తీద్దామంటే మనిషే లేదు. ఆమె మూడు అంకెలూ ఇంకోసారి చూసింది. ఇంకోసారి చూసింది. ఇంత శిక్ష ఎవరైనా వేస్తారా, ఔనన్నా పడేది, కాదన్నా పడేది.

మెట్లు ఇరవై రెండు. మొదటి మెట్టు మీద, కాదు అనేస్తే పోలా అనుకుంది. రెండక్షరాలు. అతని కూతురికి స్కూలొస్తుంది, అతని మొహం తేటపడుతుంది, అడిగేదెవరు, తేల్చేదెవరు, ఎవరికీ ఎప్పటికీ తెలియదని ఇప్పుడే కదా చూసొచ్చింది. పదో మెట్టు దాకా అనేద్దామనే దిగింది. అక్కడ కాలు ఆగింది. ఇదీ అదే పని కదా. తెలియనిచోట నచ్చినది తెచ్చి నింపడం. అప్పుడు ఎలుకని తెచ్చి నింపింది, ఇప్పుడు జాలి తెచ్చి నింపుతుంది, చెయ్యి మాత్రం అదే చెయ్యి. కాదని చెప్పను, ఈసారి చెప్పను అనుకుంది, అనుకుని గట్టిపడింది, గట్టిపడ్డందుకు కాస్త గర్వపడింది కూడా, ఆ దరిద్రం కూడా చెప్పాలి మరి. అతను అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"చూశారామ్మా?"

"చూశానండీ. తప్పు నాది. చదవడానికి రానిచోట వేరేవి నింపాను. చూసుకోవాలి, చూసుకోలేదు. ఆవిడే మొదలు అని మేం అన్న మాట తప్పు. అలా అనడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు."

ఊపిరి బిగబట్టి విన్నాడు. మొహం మెల్లగా విచ్చుకుంది, కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వబోయాడు. "అయితే మా ఆవిడ కాదన్నమాట. నేను చెప్తూనే ఉన్నానమ్మా. ఎన్నిసార్లు చెప్పానో."

"కాదని కూడా చెప్పలేనండీ." అంది ఆమె. "ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. తెలియదు. మళ్ళీ చూద్దామంటే ఆ శాంపిల్ మిగల్లేదు. ఇంక ఎప్పటికీ తెలియదు."

అతనికి అర్థం కాలేదేమో అని ఆమె మళ్ళీ చెప్పబోయింది. అర్థమైంది.

"తెలియదు అనడం మీకూ ఉంటుందా అమ్మా?"

"ఉంటుందండీ."

"మరి ఆ రోజే అనుంటే పోయేది కదమ్మా. తెలియదు అనుంటే. ఆ ఒక్క మాటకి బండి మా ఇంటి ముందు ఆగేది."

ఆమె ఏదో అంది, తప్పు మాదేనని రాసి ముద్ర వేసి ఇస్తానని, పేపర్లకి కూడా ఇస్తానని, ఎవరు అడ్డుపడ్డా ఇస్తానని. అతను వింటున్నట్టే తలాడించాడు. వంగి సంచి తీసి భుజానికి తగిలించుకున్నాడు.

"మా అమ్మాయి రోజూ అడుగుతుందమ్మా, అమ్మ వల్లేనా నాన్నా ఇదంతా అని. కాదురా తల్లీ అనేవాణ్ణి. గుండె మీద చెయ్యేసుకుని అనేవాణ్ణి, నాకు తెలుసు గనక. కాగితం కూడా తెచ్చి చూపిస్తానని చెప్పి వచ్చాను." సంచి పట్టీ సర్దుకున్నాడు. "ఇప్పుడు ఇంటికెళ్ళగానే అడుగుతుంది. కాదు అందామంటే, మీరు చెప్పింది విన్నాను కదా, ఇంక ఆ మాట నోట్లోంచి రాదు."

కోపం లేదు అతని గొంతులో. ఉంటే తట్టుకునేది ఆమె.

"మిమ్మల్ని అడక్కుండా ఉండాల్సిందమ్మా," అని బయటికి నడిచి వెళ్ళిపోయాడు.